బండి దిగే ముందు: లారీ డ్రైవరు పని మానేటప్పుడు నోటీసు ఎలా ఇవ్వాలి

లారీ డ్రైవర్లు సాధారణంగా 'ఉద్యోగం మానేశాను' అనరు, 'బండి దిగిపోయాను' అంటారు. ఆ మాటలోనే ఈ పనికీ ఆఫీసు పనికీ ఉన్న తేడా కనిపిస్తుంది. ఆఫీసులో పనిచేసేవాడు మానేస్తే ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. డ్రైవరు మానేసేటప్పటికి అతని చేతిలో లక్షల విలువ చేసే బండి, దానిలో మూడో మనిషికి చెందిన సరుకు, జేబులో ఓనరు ఇచ్చిన ట్రిప్పు అడ్వాన్సు ఉంటాయి. తాను మాత్రం ఇంటికి నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. అందుచేత డ్రైవరు ఇచ్చే నోటీసును రోజులతో లెక్కపెట్టడం కంటే ట్రిప్పులతో లెక్కపెట్టడం మేలు. బండి ఖాళీగా ఉండాలి, ఓనరు చెప్పిన చోట నిలిచి ఉండాలి, లెక్క తేలి ఉండాలి. ఈ మూడూ ఒకే రోజున కలిసేటట్టు చూసుకోవడమే సరైన నోటీసు అని నా అభిప్రాయం. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బల్ల వెనక కూర్చుని డ్రైవర్ల లెక్కలు రాసిన రోజుల్లో నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం మానేసినందుకు వచ్చినవి కావు, మానేసిన తీరు వల్ల వచ్చినవి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఒక ఓనరు దగ్గర గాని, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో గాని జీతానికో, ట్రిప్పు బత్తాకో (దారి ఖర్చులకు ఇచ్చే భత్యం) సరుకు లారీ నడుపుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా మీ కాగితాలు చూసుకోండి

ఎవరికీ ఏమీ చెప్పకముందే, మీరు పనిలో చేరినప్పుడు ఏయే కాగితాల మీద సంతకం పెట్టారో గుర్తుచేసుకోండి. పెద్ద కంపెనీ అయితే నియామక పత్రం ఇచ్చి ఉంటుంది, అందులో ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాసి ఉంటుంది. సాధారణంగా అది పదిహేను రోజులో, ఒక నెలో ఉంటుంది. రాసి ఉన్నదాన్ని పాటించడమే మంచిది, ఎందుకంటే తరువాత మీరు జీతం బాకీ గురించి అడగవలసి వస్తే అదే కాగితం మీకూ ఆధారం అవుతుంది. రెండు మూడు బండ్లున్న ఓనరు దగ్గర నియామక పత్రం అనే మాటే ఉండదు, మాట మీదే పని నడుస్తుంది. అటువంటప్పుడు మీ లైను ఎంత పొడవైనదో దాన్ని బట్టి గడువు నిర్ణయించుకోండి. విజయవాడ నుంచి హైదరాబాదుకు, విశాఖకు తిరిగే బండి అయితే పదిహేను రోజుల్లో అయిదారు ట్రిప్పులు పడతాయి, ఆలోగా ఓనరు మరొక డ్రైవరును చూసుకోగలడు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపల లోడుతో అస్సాం దాకా వెళ్లే బండి అయితే పోను రాను ఒక్క ట్రిప్పుకే దాదాపు ఆ పదిహేను రోజులూ సరిపోతాయి. అక్కడ 'పదిహేను రోజుల్లో మానేస్తాను' అన్నా 'ఈ ఒక్క ట్రిప్పు వేసి దిగిపోతాను' అన్నా ఒకటే. రెండో మాట ఓనరుకు తేలికగా అర్థమవుతుంది.

మీ డ్రైవింగ్ లైసెన్సు అసలు ఎవరి దగ్గర ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి. కొందరు ఓనర్లు భద్రత పేరుతో లైసెన్సును, ఆధార్ కార్డును తమ బీరువాలో పెట్టుకుంటారు. మానేస్తానని చెప్పిన తరువాత వాటిని అడిగితే తాత్సారం జరగవచ్చు కనుక, బ్యాంకు పనికో మరొక అవసరానికో అని నోటీసుకు ముందే తిరిగి తీసుకోండి. లైసెన్సును డిజిలాకర్‌లో గాని, ఎంపరివాహన్ యాప్‌లో గాని పెట్టుకుంటే దారిలో తనిఖీకి అదే చెల్లుతుంది. హెవీ లైసెన్సు అయిదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నడిపేవారికి ప్రమాదకర సరుకుల అనుమతి గడువు మూడేళ్లే. ఈ రెండింటిలో ఏదైనా దగ్గర పడిందేమో చూసుకోండి, గడువు తీరిన లైసెన్సుతో కొత్త బండి ఎక్కడం కుదరదు.

గల్ఫ్‌కు వెళ్లాలని బండి దిగేవారికి ఒక మాట చెప్పాలి. ఏజెంటు 'వీసా వస్తోంది' అన్నంత మాత్రాన నోటీసు ఇవ్వకండి. ఆ ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైనవాడేనా అన్నది ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకుని, వీసా, జీతం రాసిన ఒప్పందం చేతికి వచ్చిన తరువాతనే ఓనరుతో మాట్లాడండి. ఉన్న బండి దిగి, రాని వీసా కోసం నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవారిని కరీంనగర్, జగిత్యాల వైపు ఎవరిని అడిగినా చూపిస్తారు.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెప్పాలి

లోడు మీద ఉండగా ఎప్పుడూ చెప్పకండి. ఏదో ధాబా దగ్గర బండి ఆపి, కోపంలో ఫోను చేసి 'రేపటి నుంచి నేను రాను' అంటే, ఓనరుకు ఆ క్షణంలో వినిపించేది మీ మాట కాదు, తన బండి ఏమైపోతుందోనన్న భయం. ఆ భయంలో ఆయన తీసుకునే నిర్ణయాలేవీ మీకు మేలు చేయవు. దానికి తోడు, లోడు బండిని ఎవరికీ అప్పగించకుండా వదిలి వెళ్లిన తరువాత సరుకులో ఏ కొంచెం తగ్గినా అనుమానం ముందుగా మీ మీదకే వస్తుంది. రవాణా కోసం నమ్మి అప్పగించిన సరుకును దుర్బుద్ధితో కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం అది. మీరు ఏమీ తీయకపోయినా, తీయలేదని రుజువు చేసుకోవడానికి స్టేషను చుట్టూ తిరగవలసి రావచ్చు.

ట్రిప్పు ముగించుకుని వచ్చి, లెక్క ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్లిన రోజు చెప్పడానికి అనువైన రోజు. ఆ రోజు బండి ఖాళీగా ఉంటుంది, లెక్కల కాగితాలు ఇద్దరి ముందూ ఉంటాయి, కొత్త లోడు ఇంకా మాట్లాడి ఉండరు. ముందు లెక్క పూర్తిగా ఇచ్చి, తరువాత చెప్పండి. ఈ వరుసను మార్చవద్దు. మానేస్తానని ముందే అంటే, ప్రతి టోలు రసీదూ, ప్రతి హమాలీ ఖర్చూ అప్పటి నుంచి వేరే కంటితో చూడబడుతుంది.

సీజను కూడా చూసుకోండి. గుంటూరులో మిర్చి యార్డు రద్దీగా ఉండే ఫిబ్రవరి నుంచి మే వరకు, సంక్రాంతికి వారం పది రోజుల ముందు డ్రైవరు దొరకడం కష్టం. తప్పనిసరి అయితే తప్ప ఆ రోజుల్లో దిగకండి. దిగవలసి వస్తే గడువు కొంచెం ఎక్కువ ఇవ్వండి. సంక్రాంతికి ఊరికి వెళ్లి, పండుగ తరువాత ఫోను ఎత్తకుండా మానేయడం చాలామందికి అలవాటు. అందుకే కొందరు ఓనర్లు పండుగ ముందు లెక్క మొత్తం తేల్చకుండా కొంత నిలిపి ఉంచుతారు. మానేసి పోయినవాడి ఫలితం తిరిగి వచ్చేవాడు అనుభవిస్తున్నాడన్నమాట.

మాట మాత్రం క్లుప్తంగా ఉండాలి. 'ఓనర్ గారూ, ఇంటి దగ్గర పరిస్థితుల వల్ల నేను బండి దిగాలనుకుంటున్నాను. ఈ వచ్చే ట్రిప్పు వేస్తాను, అది దించి వచ్చాక బండి అప్పగిస్తాను. ఈలోగా మీరు మరొకరిని చూసుకోండి' అంటే చాలు. ఎక్కువ జీతానికి వెళ్తున్నట్టయితే ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు, చాటవలసిన అవసరం అంతకన్నా లేదు. ఎవరి దగ్గర చేరుతున్నారో మాత్రం చేరేదాకా చెప్పకండి. ఓనర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. జీతం పెంచుతానంటే ఏం చేయాలన్నది మాట మొదలుపెట్టక ముందే మనసులో తేల్చుకుని వెళ్లండి. పెంపు కోసమే మానేస్తానని బెదిరించినట్టు ఒక్కసారి కనిపిస్తే, ఆ తరువాత మీరు నిజంగా మానేసినా నమ్మరు.

రాసి ఇవ్వడం

నోటితో చెప్పిన సాయంత్రమే రాతలో కూడా పంపండి. కంపెనీ అయితే రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద 'అందినది' అని తేదీతో సంతకం చేయించుకోండి. చిన్న ఓనరు దగ్గర లేఖ ఇస్తే ఆయన నవ్వవచ్చు, 'మన మధ్య ఈ కాగితాలేమిటి' అనవచ్చు. నొచ్చుకోకుండా అదే విషయాన్ని వాట్సాప్‌లో పంపండి. రాయడం అలవాటు లేనివారు తేదీ, బండి నంబరు స్పష్టంగా చెబుతూ ఒక వాయిస్ మెసేజ్ పంపినా ఏమీ లేని దానికంటే ఎంతో నయం. ఓనరు తమిళనాడులోని నామక్కల్ వాడో, ఉత్తరాది సేఠో అయినా తెలుగులో పంపిన మాటకు విలువ తగ్గదు. ఆయన భాష వచ్చిన గుమాస్తా చేత చదివించమనండి. నోటీసులో ఫిర్యాదులు రాయకండి. బాకీ జీతం గురించి అడగవలసింది ఉంటే అది వేరే కాగితం.

లేఖ ఈ విధంగా ఉంటే సరిపోతుంది:

'తేదీ: ........

........ ట్రాన్స్‌పోర్ట్ యజమాని గారికి,

అయ్యా, నేను ........ తేదీ నుంచి మీ వద్ద ........ నంబరు గల లారీకి డ్రైవరుగా పనిచేస్తున్నాను. కుటుంబ కారణాల వల్ల ........ తేదీతో ఈ పని నుంచి విరమించుకోవాలని నిర్ణయించుకున్నాను. ప్రస్తుతం ఒప్పుకున్న లోడును గమ్యానికి చేర్చి, ఖాళీ బండిని ........ వద్ద మీకు గాని, మీరు చెప్పిన వ్యక్తికి గాని తాళాలు, కాగితాలు, సామానుతో సహా అప్పగిస్తాను. అదే రోజు నా జీతం, బత్తా, ట్రిప్పు లెక్కలు తేల్చి, నా దగ్గర తీసుకున్న పత్రాలను తిరిగి ఇప్పించవలసిందిగా, పని అనుభవ ధ్రువపత్రం దయచేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
........ (సంతకం, ఫోను నంబరు)'

ఇందులో బండి అప్పగించే స్థలం రాయడం మరిచిపోకండి. దాన్ని రాయకపోతే ఆఖరి రోజున 'బండిని ఇంకో ఊళ్లో వదిలిపెట్టు' అన్న మాట వస్తుంది, అక్కడి నుంచి మీ ఊరికి బస్సు ఖర్చు మీదవుతుంది.

ఆఖరి ట్రిప్పు, బండి అప్పగింత

నోటీసు ఇచ్చిన తరువాతి ట్రిప్పును ముందు ట్రిప్పుల కంటే జాగ్రత్తగా నడపండి. మైలేజీ ఆ ట్రిప్పులోనే తగ్గితే, దింపిన చోట సంతకం పెట్టిన రసీదు ఆ ట్రిప్పులోనే పోతే, చాలాకాలంగా మీరు సంపాదించుకున్న మంచి పేరు ఆ ఒక్క ట్రిప్పుతో కొట్టుకుపోతుంది. లోడు ఎక్కేటప్పుడు కాటా తూకం చీటీని, దింపేటప్పుడు తూకం చీటీని ఫోటో తీసి ఓనరుకు అప్పటికప్పుడే పంపండి. ఓవర్‌లోడు ఎక్కించమంటే ఈ ఒక్కసారికీ ఖచ్చితంగా వద్దనండి. జరిమానా పడేటప్పటికి మీరు దిగిపోయి ఉంటారు, లెక్కలో మాత్రం మీ పేరే ఉంటుంది. కొత్త డ్రైవరు ముందే దొరికితే అతన్ని ఆ ట్రిప్పుకు వెంట తీసుకువెళ్లండి. బండి ఎక్కడ వేడెక్కుతుందో, ఏ గేరు గట్టిగా పడుతుందో, ఏ పార్టీ గోడౌనులో ఎన్ని గంటలు నిలబెడతారో రాసి ఇచ్చిన దానికంటే పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. మీరు తెచ్చి పెట్టిన క్లీనరు ఉంటే, అతను ఉంటాడో మీతో వస్తాడో ఓనరుకు ముందే చెప్పించండి. డ్రైవరూ క్లీనరూ ఒకే రోజు మాయమైతే దాన్ని మానేయడం అనరు.

బండిని పగటి పూట, మరొకరి ఎదుట అప్పగించండి. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట అయితే మీ ఇద్దరికీ తెలిసిన మెకానిక్ ఎదుట అప్పగిస్తే ఇంకా మంచిది. ముందుగా బండి చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీయండి. అందులో కిలోమీటర్ల రీడింగు, అద్దాలు, బాడీ మీద గీతలు, అన్నిటికంటే ముఖ్యంగా టైర్లు కనిపించాలి. లారీలో టైర్లే బంగారం. స్టెప్నీతో సహా ప్రతి టైరు నంబరునూ, బ్యాటరీ నంబరునూ ఒక కాగితం మీద రాయండి. నెల తరువాత ఎక్కడో టైరు మారినట్టు తేలితే 'పాత డ్రైవరు మార్చాడు' అనడం అందరికీ తేలిక, ఆ కాగితం లేకపోతే మీ దగ్గర జవాబు ఉండదు. డీజిలు ఎంత ఉందో ట్యాంకులో కర్ర పెట్టి ఇద్దరూ చూడండి, మీటరును నమ్ముకోవద్దు. జాకీ, వీలు స్పానరు, టూలు బాక్సు, టార్పాలిన్లు, తాళ్లు, ఇనుప గొలుసులు లెక్కపెట్టి రాయండి. ఆర్సీ, పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్లు, డీజిలు కార్డు, ఓడరేవు లేదా సిమెంటు ఫ్యాక్టరీ గేటు పాసులు ఉంటే అవి కూడా ఆ కాగితంలోకి ఎక్కాలి. చివర తేదీతో పాటు సమయం కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ సాయంత్రం బండి ఎక్కడైనా ప్రమాదానికి గురైనా, కెమెరాకు చిక్కి చలానా పడినా, ఎన్ని గంటలకు మీ చెయ్యి దాటిందో ఆ కాగితం చెబుతుంది. బండి నంబరుతో పెండింగు చలానాలు ఆన్‌లైన్‌లో ఆ రోజే చూసి, మీ ట్రిప్పుల్లో పడినవి ఏవో, ముందునుంచీ ఉన్నవి ఏవో తేల్చుకోండి.

మీరు నడిపిన రోజుల్లో ప్రమాదం జరిగి కేసు నడుస్తూ ఉంటే బండి దిగినంత మాత్రాన అది మిమ్మల్ని వదలదు. కోర్టుకు హాజరు కావలసింది మీరే. క్రైమ్ నంబరు, స్టేషను పేరు, ఓనరు పెట్టిన వకీలు ఫోను నంబరు రాసుకోండి. వకీలు ఖర్చు ఎవరు భరిస్తారో ఓనరు చేత ఒక వాక్యం రాయించుకోండి.

లెక్క తేల్చుకోవడం

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు, ఎందుకంటే నాలుగు రకాల డబ్బును ఒకే ముద్దగా కలిపి మాట్లాడతారు. జీతం వేరు, బత్తా వేరు, ట్రిప్పు ఖర్చులకు ఇచ్చిన డబ్బు వేరు, మీ సొంత అవసరానికి తీసుకున్న పాత అడ్వాన్సు వేరు. వీటిని నాలుగు వరుసలుగా రాయండి. ఒక ఉదాహరణ చూడండి. నెల జీతం 18,000 రూపాయలు, ఈ నెలలో మీరు పనిచేసింది 18 రోజులు అనుకుంటే, రోజుకు 600 చొప్పున జీతం 10,800 రావాలి. నాలుగు రోజుల బత్తా బాకీ 2,400, దించేచోట హమాలీలకు మీ జేబులోంచి ఇచ్చింది 900. మొత్తం మీకు రావలసింది 14,100. ఆఖరి ట్రిప్పు అడ్వాన్సు 12,000లో రసీదులతో చూపిన ఖర్చు 10,400 పోగా మీ దగ్గర మిగిలింది 1,600. పాత అడ్వాన్సు 15,000లో ఇంకా తీరనిది 5,000. ఈ రెండూ కలిపి 6,600 తీసేస్తే చేతికి రావలసింది 7,500. ఇలా రాసిన కాగితం ముందు పెడితే 'ఏదో చూసి ఇస్తాలే' అనే మాటకు చోటు తగ్గిపోతుంది. కిరాయిలో వాటా మీద గాని, డీజిలు మిగులు మీద గాని పనిచేసేవారు ఆఖరి ట్రిప్పు కిరాయి పార్టీ నుంచి ఓనరుకు రాకముందే దిగిపోతారు కనుక, ఆ వాటా ఏ తేదీకి ఇస్తారో కూడా రాయించుకోవాలి.

చట్టం ఏమంటుందో తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు పెంచవలసిన పని ఉండదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, పనివాడు రాజీనామా చేసినా అతనికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లోగా చెల్లించాలి. జీతంలోంచి కోతలన్నీ కలిపినా సగానికి మించకూడదు. సరుకు పోయిందనో, పాడైందనో కోత వేయాలంటే ఆ నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, దాని మీద మీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందుగా మీకు ఇవ్వాలి. లోడు వానకు తడవడానికి టార్పాలిన్ చిరుగు కారణమైతే, ఆ చిరుగు గురించి మీరు ఇంతకు ముందే మెసేజ్ పెట్టి ఉంటే, ఆ మెసేజ్ చూపించండి. పది మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న రవాణా సంస్థలో ఏడాదిలో 180 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు లభిస్తుంది. వాడుకోని సెలవుకు డబ్బు అడగవచ్చు.

పాత అడ్వాన్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెళ్లికో, ఆస్పత్రికో, ఇంటి పైకప్పుకో తీసుకున్న అడ్వాన్సును చూపి 'అది తీరేదాకా నువ్వు దిగడానికి వీల్లేదు' అనే ఓనర్లు ఉన్నారు. అప్పు తీర్చవలసిందే, అందులో సందేహం లేదు. కానీ అప్పు తీరేదాకా ఒకే ఓనరు దగ్గర పనిచేసి తీరాలని మనిషిని కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన విషయం. అప్పు ఉంటే వాయిదాలు రాసుకుందాం అనండి. నెలకు ఇంత చొప్పున అని తేదీలతో రాసి, పంపిన ప్రతి వాయిదానూ ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో పంపండి, చేతికి నగదు ఇవ్వకండి.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మీ చేత ప్రాంసరీ నోటు రాయించుకుని ఉంటారు, కొందరు సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా తీసుకుంటారు. బాకీ తీరిన రోజున ఆ నోటు, చెక్కు మీ చేతికి రావాలి. రెవిన్యూ స్టాంపు మీద మీ సంతకం ఉన్న నోటు మూడేళ్ల దాకా కోర్టుకు ఎక్కగలదు కనుక 'ఎక్కడో పెట్టాను, తరువాత ఇస్తా' అంటే ఊరుకోకండి. ఫలానా తేదీన రాసిన ఇంత మొత్తం నోటు బాకీ పూర్తిగా చెల్లు అయింది అని, నోటు దొరికినా చెల్లదని రాసి సంతకం చేయించుకోండి. మన పెద్దలు నోటు మీద చెల్లు రాయించుకోకుండా గడప దాటేవారు కారు.

పీఎఫ్, గ్రాట్యుటీ

ఇరవై మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీలో పీఎఫ్ కోత ఉంటుంది. మీ యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడిగా మీకు ఇచ్చిన నంబరు) రాసుకుని, ఆధార్‌కు అనుసంధానమైన ఫోను నంబరు ఇప్పుడు మీరు వాడుతున్నదేనా చూసుకోండి. సిమ్‌లు తరచూ మార్చే డ్రైవర్లకు డబ్బు ఆగిపోయేది ఇక్కడే. కంపెనీ మీ ఆఖరి తేదీని పోర్టల్‌లో నమోదు చేయకపోతే, రెండు నెలలు గడిచాక మీరే నమోదు చేసుకోవచ్చు. కొత్త పనిలో కూడా పీఎఫ్ ఉంటే డబ్బు తీసేయకుండా ఖాతాను బదిలీ చేయించుకోవడం మంచిది, పింఛనుకు మొత్తం పదేళ్ల సర్వీసు లెక్కకు రావాలి.

పది మందికి తగ్గని సంస్థలో అయిదేళ్లు ఆగకుండా పనిచేసి ఉంటే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు మానేటప్పుడు ఇచ్చే మొత్తం వస్తుంది. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తోనూ పనిచేసిన ఏళ్లతోనూ గుణిస్తే ఆ మొత్తం తేలుతుంది. 18,000 జీతంతో ఏడేళ్లు చేసినవారికి అది సుమారు 72,692 రూపాయలు. నాలుగేళ్ల పది నెలలకు మానేయాలనుకుంటున్నవారు ఈ లెక్క చూసుకుని, మరో రెండు నెలలు స్టీరింగు పట్టుకోవడం గురించి ఆలోచించండి.

అనుభవ ధ్రువపత్రంలో పనిచేసిన తేదీలు, పది టైర్ల బండా, పద్నాలుగు టైర్లదా, ట్రైలరా, ట్యాంకరా అన్న వివరం, తిరిగిన లైన్లు ఉండాలి. చిన్న ఓనరు లెటర్‌హెడ్ లేదంటే తెల్ల కాగితం మీద సంతకం, ఫోను నంబరు చాలు.

ముందస్తు గడువు ఇవ్వలేని పరిస్థితి

మూడు నెలల జీతం ఇవ్వనివాడికి, బ్రేకులు పట్టని బండిని నడపమనేవాడికి, ఇన్సూరెన్సు లేకుండా రోడ్డు ఎక్కించేవాడికి, నిద్ర లేకుండా రెండో రాత్రి కూడా తోలమనేవాడికి పదిహేను రోజుల గడువు ఇవ్వవలసిన అవసరం లేదు. అప్పుడు కూడా బండిని రోడ్డు పక్కన వదిలేయకండి. లోడు ఉంటే, బండి నడవగల స్థితిలో ఉంటే దించండి. నడపలేని స్థితిలో ఉంటే కెమెరాలున్న పెట్రోలు బంకులోనో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఆవరణలోనో నిలిపి, బండి లోపం వీడియో తీసి, లొకేషనుతో సహా ఓనరుకు పంపి, తాళాలు తీసుకోవడానికి మనిషిని పంపమని అడగండి. మనిషి వచ్చేదాకా బండి దగ్గరే ఉండి, తాళాలు ఇచ్చినట్టు ఫోటో తీసుకోండి. జీతం ఇచ్చేదాకా బండి తాళాలు ఇవ్వనని బిగబట్టడం మాత్రం చేయకండి. న్యాయం మీ వైపు ఉన్నా, ఆ క్షణం నుంచి ఫిర్యాదుదారు ఆయన అవుతాడు.

రెండు పనిదినాలు దాటినా డబ్బు రాకపోతే ఒక వారం లోపు మరొక మెసేజ్‌లో మొత్తం, గడువు తేదీ రాసి అడగండి. దానికీ జవాబు లేకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. నోటీసు నకలు, బండి అప్పగింత కాగితం, నాలుగు వరుసల లెక్క, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి. వేతన బాకీ గురించి దరఖాస్తుకు మూడేళ్ల గడువు ఉంది గానీ ఆలస్యం చేసేకొద్దీ సాక్షులు చెదిరిపోతారు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలను ఉచిత సహాయానికి అడగవచ్చు. లారీ డ్రైవర్ల యూనియను పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడితే తేలిపోయే బాకీలు కూడా చాలా ఉంటాయి. ముందు ఆ దారి చూడటంలో తప్పు లేదు, అయితే అక్కడ కుదిరినది కూడా కాగితం మీదకు రావాలి.

చివరిగా ఫోను సంగతి చూసుకోండి. ఫాస్టాగ్‌కు, డీజిలు కార్డుకు, జీపీఎస్ యాప్‌కు, లోడ్లు చూపే యాప్‌లకు మీ నంబరు ఇచ్చి ఉంటే, ఓటీపీలు మీకే వస్తూ ఉంటాయి. బండి అప్పగించిన రోజే ఓనరు ఎదుటే ఆ నంబర్లను మార్పించండి, డీజిలు కార్డు పిన్ను మార్చుకోమని ఆయనకు చెప్పండి. క్యాబిన్‌లోంచి మీ దుప్పటి, స్టవ్, గిన్నెలు, సొంత డబ్బుతో కొన్న స్పానర్లు, డాష్‌బోర్డు మీద మీరు పెట్టుకున్న దేవుడి పటం తీసుకోండి. సీటు కింద, పైన బెర్తులో ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి. పాత ట్రిప్పుల రసీదులు అక్కడే మిగిలిపోతుంటాయి, లెక్కలో తేలని హమాలీ ఖర్చు కాగితం కూడా వాటిలో ఉండవచ్చు.